చీర కొలతకు పుట్టిన బొంత

అటక మీది ఇనప్పెట్టె దించి లెక్కపెడితే రవికముక్కలు 64 తేలాయి. ఇబ్రహీంపట్నంలో ఇదేమీ వింత లెక్క కాదు. ఆడబిడ్డకు ఒడిబియ్యం పోసినా, కొత్త ఇంట్లో పాలు పొంగించినా, శ్రావణ శుక్రవారం ముత్తయిదువను పిలిచినా, బొట్టు పెట్టి చేతిలో ఒక రవికముక్క పెట్టి పంపడం మన మర్యాద. అలా వచ్చిన ముక్క పెట్టెలోకి పోతుంది. మళ్లీ ఎవరింట్లోనో శుభకార్యం వస్తే పెట్టెలోంచి ఒకటి బయటికి వస్తుంది. మనం పెట్టిన ముక్కే ఊరంతా తిరిగి మూడేళ్లకు మన చేతికే రావడం కూడా ఉంది. మడత విప్పకుండా, కత్తెర పడకుండా, ఒంటి మీదికి రాకుండా ఇన్ని చేతులు మారే గుడ్డ ఇంకొకటి లేదు.

రవికముక్కల కింద అమ్మ పాతచీరలు ఎనిమిది. వాటి కింద గోనెసంచిలో కుట్టుకత్తిరింపులు, కట్‌పీసులు, ఎప్పుడో పిల్లల గౌనులకు కొన్న మీటరు గుడ్డలు. ఏళ్ల తరబడి పోగుపడిన బట్ట ఇది. పారేయడానికి చేతులు రావు, వాడుకునే దారి తోచదు. మా వీధికి బొంతలు కుట్టడానికి వచ్చే పెద్దమ్మ పెట్టెలోకి తొంగిచూసి, "గివన్ని ఏం జేస్తవ్ బిడ్డా? పెట్టెల ఉంటె ఎల్కలు గొడ్తయ్. కుడితె మనుషులు గప్పుకుంటరు" అంది. మిగిలిన గుడ్డ ఏం కావాలన్న ప్రశ్నకు మన ఇళ్లలో ఎన్నో తరాలుగా ఉన్న జవాబు అదే. బొంత. దాని పుట్టుక ఎక్కడిదో తెలుసుకోవాలని అప్పుడే అనిపించింది.

మొదట పేరు సంగతి. సంస్కృతంలో అతుకుల గుడ్డను కంథ అంటారు. బెంగాలీలు ఆ మాటనే కాంథాగా నిలుపుకున్నారు. మరాఠీలో గోధడి, కన్నడంలో కౌది, హిందీలో గుదడీ. మనది బొంత. ఈ మాటలో ఏదో మందం ఉంది. మామూలు కాకి కంటే లావుది బొంతకాకి. లావుపాటి కాడల జెముడు బొంతజెముడు. ఒళ్లంతా నూగుతో ఉండేది బొంతపురుగు. పొర మీద పొర వేసి బలిసిన గుడ్డకు ఈ పేరు అందుకే కుదిరిందని నా ఊహ. పండితుల నిర్ణయమని చెప్పడం లేదు, చెవికి అలా వినిపిస్తుంది అంతే.

పుట్టుక దగ్గరికి వస్తే, మొట్టమొదటి బొంతలో అతుకు లేదనే నా నమ్మకం. ఇప్పుడు "అతుకుల బొంత" అనే మాట నాలుక మీద ఎంత ఆడుతున్నా, దక్కనులో మామూలు ఇళ్లలో చాలాకాలం అతికించడానికి ముక్కలు అంతగా ఉండేవి కావు. కారణం మన కట్టు. చీర, పంచె, తువ్వాలు, తలపాగా, గొంగడి అన్నీ మగ్గం మీదినుంచి దిగిన తీరునే ఒంటికి చేరేవి. వాటికి కత్తెరతో పనిలేదు. కత్తెర లేనిచోట కత్తిరింపు ముక్కా ఉండదు. నేతగాడు ఎంత నేస్తే అంతా వాడుకే. కాబట్టి ఆ కాలపు ఇంట్లో మిగిలేది ముక్క కాదు, పాతబడిన నిండు బట్ట. కట్టీ కట్టీ, ఉతికీ ఉతికీ నూలు మెత్తబడి, నడుమ చిరుగుపట్టిన చీర. దాన్ని మడిచి, ఇంకో చీరను లోపల పెట్టి, కదలకుండా కుట్టు వేస్తే బొంత.

దీని కొలత కూడా చీర ఇచ్చిందే. ఇవాళ్టి చీర పొడవు రమారమి అయిదున్నర మీటర్లు, పన్నా మీటరూ పావుకు కొంచెం తక్కువ. పొడవులో సగానికి కోసి ఆ రెండు సగాలను పక్కపక్కన పెట్టి అంచులు కలిపితే రెండుముప్పావు మీటర్ల పొడవు, దాదాపు రెండుంబావు మీటర్ల వెడల్పు వస్తుంది. ఇద్దరు పెద్దవాళ్లు, నడుమ ఒక పిల్ల పడుకుని కప్పుకునేంత. గోచీ పోసి కట్టే పెద్ద చీరలైతే మూడు మడతలు పెట్టినా సరిపోయేవి. ఎవరూ టేపు పట్టుకుని నిర్ణయించిన కొలత కాదిది. ఒక చీర ఒక పొర, మూడు చీరలు ఒక బొంత. ఈ లెక్క తెలిసిన తర్వాత బొంతను చూసే నా చూపు మారింది. అది మిగులుతో చేసిన సర్దుబాటు కాదు. చీరకు రెండో జన్మ ముందే రాసిపెట్టి ఉంది.

కావాలని గుడ్డను ముక్కలుగా కోసి మళ్లీ కుట్టిన వాళ్లు మన నేల మీద ఒకప్పుడు ఉన్నారు. వాళ్లు బౌద్ధ భిక్షువులు. ఇబ్రహీంపట్నం నడిబొడ్డు నుంచి పోయే సాగర్ రోడ్డు పట్టుకుని తిన్నగా వెళితే నాగార్జునసాగర్ వస్తుంది. ఆ జలాశయం ముంచేసిన లోయలోనే మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. చుట్టూ విహారాలు. అక్కడి భిక్షువుల చీవరాలకు నియమం వినయపిటకంలో ఉంది. ఊరి చివర పారేసిన గుడ్డలు, శ్మశానంలో వదిలేసిన గుడ్డలు ఏరుకుని కుట్టుకునే చీవరాన్ని పాంసుకూలం అంటారు. పాంసువు అంటే దుమ్ము. తర్వాత దాతలు కొత్తబట్ట ఇవ్వడం మొదలైనా, దాన్ని కూడా కోసి అతకాలనే నియమం నిలిచింది. బుద్ధుడు మగధలో పొలాల మీదుగా నడిచిపోతూ గట్లతో, మళ్లతో చక్కగా విడిపోయి ఉన్న వరిచేలను ఆనందుడికి చూపించి, చీవరాలు ఆ తీరున కుట్టగలవా అని అడిగాడట. ఆనందుడు కుట్టి చూపించాడు. ముక్కలుగా కోసిన గుడ్డ భిక్షువుకు తగినట్టు ఉంటుంది, దొంగలకు దాని మీద ఆశ పుట్టదు అని కూడా ఆ గ్రంథం చెబుతుంది.

ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పేరు మోసే మా పెద్దచెరువు కట్ట మీద నిలబడి చూస్తే నాకు ఈ కథ గుర్తొస్తుంది. ఆయన 1550 నుంచి 1580 వరకు గోల్కొండను ఏలాడు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ప్రభువు ఆయనే. చెరువు నిండి, కింద నాట్లు పడిన ఏడు ఆయకట్టు అచ్చంగా పరిచిన బొంతే. గట్టు కుట్టు, మడి ముక్క.

ఆ తరువాతి కాలాల్లో అతుకుల బట్ట లోకాన్ని వదిలిన వాళ్ల గుర్తుగా సాగింది. భజగోవింద స్తోత్రంలో వీధిలో పడిఉన్న పేలికలతో కుట్టిన కంథ తొడిగిన యోగి కనిపిస్తాడు. సూఫీ ఫకీర్లు ఖిర్ఖా అనే అతుకుల అంగీ ధరించారు. రాజు పట్టుబట్ట ఇస్తే గౌరవం, గురువు అతుకులబట్ట ఇస్తే అనుగ్రహం. ఇళ్లలో ఆడవాళ్లు కుట్టే బొంత మాత్రం నాకు తెలిసినంతలో ఏ గ్రంథానికీ ఎక్కలేదు. గ్రంథాలు రాసినవాళ్లు అది కప్పుకునే రాసి ఉంటారు.

ఈ కథలో ఇంకో పాయ లంబాడీలది. మంచాల, యాచారం మండలాల్లో మా చుట్టూ ఎన్ని తండాలున్నాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. వాళ్ల పెద్దలు ఎద్దుల మందల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశాలు తిరిగినవాళ్లు. మొగలు సైన్యాలకు తిండిగింజలు మోస్తూ దక్కనుకు దిగినవాళ్లు. ఎద్దు వీపున బరువు మోపాలంటే కింద మెత్త ఉండాలి, లేకపోతే వీపు పుండు పడుతుంది. "గంతకు తగ్గ బొంత" అనే సామెత ఇలాంటి బరువుల బతుకులోనే పుట్టి ఉంటుంది. గంత అంటే మోత పశువు వీపున వేసే జీను, బొంత దాని జతగా వేసే గుడ్డ. ఇప్పుడు మనం ఆ సామెతను పెళ్లి సంబంధాల మీద ఎత్తిపొడుపుగా విసురుతున్నాం కానీ, మొదట అందులో ఉన్నది పశువు వీపు మీద జాలి అని నాకనిపిస్తుంది.

లంబాడీ ఆడవాళ్ల సూదిపని లోకానికి తెలుసు. అద్దాలు, గవ్వలు, రూపాయి బిళ్లలు, ఎర్ర, పసుపు, నీలం గుడ్డముక్కలు. ఫేటియా (పావడా), కాంచళి (రవిక) ఏది చూసినా నేత కంటే కుట్టే ఎక్కువ కనిపిస్తుంది. వాళ్లు మగ్గం నేసేవాళ్లు కారు, తిరిగేవాళ్లు. సంతలో దొరికిన చేతెడు గుడ్డనైనా వదలరు. చిన్నముక్క విలువ మన పల్లెలకు నేర్పినవాళ్లలో వీళ్లను ముందు చెప్పుకోవాలని నేను నమ్ముతాను.

మరి మన ఇళ్లలోకి ముక్క ఎప్పుడు వచ్చింది? రవికతో వచ్చింది. పాతకాలపు రైక ముందు ముడివేసుకునేది, కోతలు తక్కువ. చంకకింద గుండ్రంగా తిప్పి, మెడ దించి, ఒంటి కొలతకు కుట్టే జాకెట్ రాగానే ప్రతి రవికకూ గుప్పెడు కత్తిరింపులు మిగలడం మొదలైంది. చతురస్రంగా ఉన్న గుడ్డలోంచి వంపు తీస్తే మూలలు మిగులుతాయి, అంతే. తెలంగాణలో బట్టలు కుట్టే వృత్తి మేరవాళ్లది. పెళ్లిళ్ల కాలంలో మేరాయన ఇంటి అరుగు మీదనే కూర్చుని ఇంటిల్లిపాదికీ కుట్టి ఇచ్చేవాడని మా పెద్దలు చెబుతారు. కత్తిరింపులు మాత్రం ఇంటి ఇల్లాలు అడిగి తీసుకునేది. అది ఆమె హక్కు. కొన్న గుడ్డలో అర అంగుళం కూడా ఆమెదే.

తర్వాత కుట్టుమిషను. 1846లో ఎలియాస్ హోవ్, 1851లో ఐజాక్ సింగర్ అమెరికాలో పేటెంట్లు తీసుకున్నారు. కొన్ని దశాబ్దాల్లోనే సింగర్ మిషను మన పట్నాలకు చేరింది. యంత్రాలంటే పడని గాంధీజీ కూడా 1924లో సింగర్ మిషనుకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఇంట్లో ఆడవాళ్ల చేతికుట్టు శ్రమ చూడలేక ఒక భర్త చేసిన యంత్రమది అన్నది ఆయన వాదం. 1930ల్లో కలకత్తాలో మొదలైన జై ఇంజినీరింగ్ వర్క్స్ నుంచి ఉషా మిషను వచ్చింది. అరణంగా మిషను ఇచ్చే అలవాటు పెరిగింది. మిషను పెరిగినకొద్దీ ముక్కలు పెరిగాయి. లోపల పాతచీరల పొరలు అలాగే ఉండగా, పైముఖానికి రంగురంగుల ముక్కలు అతకడం అప్పుడే మన ఇళ్లలో బాగా సాగింది. టూ బై టూ రవికముక్కలు, పిల్లల గౌను పూలగుడ్డలు, మగవాళ్ల చారల చొక్కాలు. అంటే మనం ఇవాళ పాతకాలపు వస్తువుగా తలచే అతుకుల బొంత నిజానికి మిషనుకు తోబుట్టువు. పొరల బొంత దాని అవ్వ.

కుట్టే విధానం చెప్పాలి, ఎందుకంటే చూసినవాళ్లు తగ్గిపోతున్నారు. పని వేసవిలో. కోతలయ్యాక, వానలకు ముందు. చీరలను వేడినీళ్లలో ఉడకేసి, ఉతికి, ఎండలో ఫెళఫెళలాడేదాకా ఆరేస్తారు. ఊడ్చిన వాకిట్లో మొదటి చీరను పరిచి నాలుగు మూలలా రాళ్లు పెడతారు. దాని మీద లోపలి పొరలు. ఇక్కడే కుట్టేవాళ్ల తెలివి తెలుస్తుంది. చిరిగిన పంచె, లుంగీ ముక్కలు, మాసికలు పడిన దుప్పటి అన్నీ లోపలికే. ఒక ముక్క అంచు ఇంకోదాని మీదికి నాలుగు వేళ్లు ఎక్కాలి, లేకపోతే ఉతుకులో గుడ్డ జరిగి అక్కడ బొంత పలచబడుతుంది. పైన ముఖం పరిచి అరచేతులతో నడుమ నుంచి అంచులకు ముడతలు తోస్తారు. ముందు బారెడేసి టాకాలు వేసి పొరలన్నీ పట్టు చిక్కించుకుంటారు. తర్వాత అసలు కుట్టు.

ఆ కుట్టులో విద్య ఏమీ లేనట్టే ఉంటుంది. సూది పైకీ కిందికీ పోతుంది, అంతే. కొందరు అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి తిరుగుతూ పోతారు, కొందరు నిలువు వరుసలు వేస్తారు. వరుసకు వరుసకు రెండు వేళ్ల ఎడం. నలుగురు నాలుగు దిక్కులా కూర్చుంటే నడుమ కలుసుకుంటారు. వేలికి గుడ్డపీలిక చుట్టుకోకపోతే సూది పిర్ర వేలి చివరను తినేస్తుంది. దారం లాగేటప్పుడు గట్టిగా లాగితే గుడ్డ ముడుచుకుంటుంది, వదులైతే కాలివేలు తగులుకుని తెగుతుంది. ఆ బిగువు మాటల్లో చెబితే రాదు. పక్కన కూర్చుని రెండు వరుసలు కుట్టాలి. చలిని ఆపేది బట్ట కాదు, పొరల నడుమ నిలిచిన గాలి. ఆ గాలిని కుట్టు గళ్లలో బంధిస్తుంది. అందుకే అంతే బరువున్న ఒక్క మందపాటి గుడ్డ కంటే నాలుగు పలచని పొరల బొంత వెచ్చగా ఉంటుంది.

కొత్తగుడ్డకు లేని మెత్తదనం పాతనూలుకు ఉంది. అందుకే పుట్టిన బిడ్డకు మన ఇళ్లలో మొదట తగిలేది పాతబట్టే. అమ్మమ్మ చీరను చింపి చేసిన పొత్తిగుడ్డలు. "పొత్తిళ్లలో బిడ్డ" అంటాం, ఆ పొత్తిళ్లు ఎవరి చీరవో తలచుకోం. బొంత కూడా చినిగాక దాని ప్రయాణం ఆగదు. మెత్తని భాగం పసిపిల్లల కిందికి, తర్వాత వంటింట్లో మసిగుడ్డకు, ఆ తర్వాత పేడతో ఇల్లు అలికే అలుకుగుడ్డకు, చివరికి నూనెలో తడిసి దివిటీకి. ఊరేగింపులో దేవుడి ముందు మండిన ఆ వెలుగులో ఎవరెవరి చీరలున్నాయో.

ఈ దారి ఎక్కడ తెగింది? నా మట్టుకు మొదటి కోత స్టీలు గిన్నెది. పాతబట్టలకు స్టీలుసామాను ఇస్తామంటూ గంపలవాళ్లు వీధుల్లోకి వచ్చేసరికి, రాగి, ఇత్తడి కంటే మెరిసే గిన్నెల మోజులో చీరలు బొంతకు చేరకుండానే గంపలోకి పోయాయి. ఆరు చీరలకు ఒక పళ్లెం. ఇల్లాలిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. సొంత డబ్బు లేని మనిషికి తన చేతిలో ఉన్న ఒకే ఒక సరుకు పాతచీర. అది పెట్టి ఆమె ఇంటికి గిన్నె తెచ్చింది.

రెండోది సోలాపూర్ దుప్పటి. ఇక్కడ ఒక దగ్గరి బంధుత్వం ఉంది. సోలాపూర్ మగ్గాల మీద ఆ చద్దర్లు నేసి పేరు తెచ్చినవాళ్లలో ఎక్కువమంది తెలంగాణ పల్లెల నుంచి పొట్టచేత పట్టుకుని వలసపోయిన పద్మశాలీలే. బొంతను పక్కకు నెట్టిన దుప్పటిని నేసింది కూడా తెలుగు చేతులే. ఆ తర్వాత ఇంకా చవకగా ఉన్నిలాంటి కంబళ్లు వచ్చాయి. హర్యానాలోని పానిపట్‌లో దేశదేశాల పాతబట్టలను చీల్చి దూదిగా చేసి, మళ్లీ వడికి నేసినవి వాటిలో చాలా. ఆ పద్ధతిని 1813లో ఇంగ్లండులోని బాట్లీ ఊళ్లో బెంజమిన్ లా కనిపెట్టాడు. చూడబోతే అదీ పాతగుడ్డతో చేసిన కప్పుకునే బట్టే. కాకపోతే అందులో ఎవరి చీర ఉందో ఆనవాలు పట్టలేం.

మూడోది, అన్నిటికంటే పెద్దది, పాలిస్టర్. చిరగదు, మాయదు, ముడత పడదు. చీరగా అవి సుగుణాలే. బొంతలో అవే దోషాలు. నేను కుట్టిన మొదటి బొంత పాలిస్టర్ చీరలతోనే. చూడ్డానికి ఎంతో బాగుంది. కప్పుకుంటే జారిపోయింది, చెమట పీల్చలేదు, రెండు ఉతుకులకే లోపలి పొరలు ఒక మూలకు చేరి ముద్దకట్టాయి. నూలు నూలును పట్టుకుంటుంది, పాలిస్టర్ దేన్నీ పట్టుకోదు. 2017 నుంచి కొన్నేళ్లపాటు తెలంగాణ ప్రభుత్వం ఏటా కోటి దాకా బతుకమ్మ చీరలు పంచింది. సిరిసిల్ల మరమగ్గాలకు ఆ పని అన్నం పెట్టింది, అది మరచిపోకూడదు. ఆ చీరల్లో ఎన్నో పెట్టెల్లోకీ, పంటచేల చుట్టూ కంచెగానూ వెళ్లాయి. బొంతలోకి ఒదగలేదు.

ఇలా ఒకవైపు బట్ట పెరిగింది, ఇంకోవైపు అది చేరే చోటు పోయింది. పెట్టెలు నిండటానికి కారణం మన ఆశపోతుతనం కాదు, ఈ తెగిన దారి. సాగర్ రోడ్డు వెంట ఏ టైలరు కొట్టు చూసినా మూలన కత్తిరింపుల మూట ఉంటుంది. మగ్గం వర్క్ జాకెట్లకు ఒక్కోదానికి పైగుడ్డ, లోపల లైనింగు, రెండింటి మిగులూ. సర్కారు బడి పిల్లల యూనిఫారాలు మహిళాసంఘాల వాళ్లు కుడుతున్నారు, అక్కడ ఒకే రంగు ముక్కలు కట్టలకొద్దీ.

ఒకే రంగు కట్టలంటే అమెరికాలో అలబామా రాష్ట్రపు గీస్ బెండ్ పల్లె చెప్పుకోవాలి. నది మూడువైపులా చుట్టిన చోట, బానిసల సంతతి నల్లజాతి స్త్రీలు చలికి ఆగలేక పాత పని బట్టలతో బొంతలు కుట్టారు. 1966లో చుట్టుపక్కల ఆడవాళ్లు సంఘం పెట్టుకున్నారు. 1972లో ఒక పెద్ద దుకాణానికి కార్డురాయ్ దిండుగలీబులు కుట్టే పని దొరికితే, మిగిలిన ముక్కలు ఇళ్లకు చేరి కొత్త తరహా బొంతలయ్యాయి. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో వాటిని గోడకు వేలాడదీసినప్పుడు లోకం నివ్వెరపోయి చూసింది. 2006లో ఆ దేశం వాటి బొమ్మలతో తపాలాబిళ్లలు వేసింది. మన పొరుగున కర్ణాటకలోని ఉత్తర కన్నడలో సిద్దీ తెగ స్త్రీలు కుట్టే కవంద్‌ బొంతలకూ అభిమానులున్నారు. బొంత నాలుగు మూలలా మడిచిన చిన్న ముక్కలతో పూలు పెట్టకపోతే అది బోసిగా ఉన్నట్టే వాళ్లకు. బీహార్ వాళ్ల బొంత సుజనీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఢిల్లీలో 1999లో అంశు గుప్తా మొదలుపెట్టిన గూంజ్ సంస్థ పాతబట్టను ఊళ్ల పనికి కూలిగా మార్చింది, చిరిగినవాటితో సుజనీలు కుట్టించింది. ఆయనకు 2015లో రామన్ మెగసెసే అవార్డు దక్కింది. తెలుగు బొంతకు మాత్రం ఇంతవరకు మిగిలిన బిరుదు "అతుకుల బొంత" అనే తిట్టు ఒక్కటే. పొత్తు కుదరని పార్టీలను, కుదురు లేని రచనను అలా అంటారు. నిజం బొంతను ఒక్కసారి లాగి చూసినవాళ్లు ఆ మాట అనలేరు. ముక్కలు వేరైనా అది విడదు. విడకపోవడమే దాని పని.

మా పెట్టె సంగతి ముగిస్తాను. 64 ముక్కల్లోంచి ఒక్కొక్క పోగు లాగి నిప్పు పెట్టి చూశాం. కాగితం కాలిన వాసనతో బూడిదైతే నూలు, కరిగి గట్టి పూసలా ముడుచుకుంటే పాలిస్టర్. నూలువి 29 తేలాయి. వాటిని విడివిడిగా నీళ్లలో నానబెట్టి, రంగు దిగేవాటిని పక్కన పెట్టి రెండోసారి ఉతికి ఆరేశాం. కొత్తగుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది, కుట్టాక కుంచించుకుంటే బొంతంతా గుంజుకుంటుంది. 80 సెంటీమీటర్ల ముక్క పన్నా 90 సెంటీమీటర్లు. మూడేసి చొప్పున మూడు వరుసలు, మొత్తం తొమ్మిది ముక్కలు మిషను మీద కలిపితే, కుట్టు పోగా, సగానికి కోసి కలిపిన చీరకు ఇంచుమించు సరిపోయింది. ఏ తల్లీ ముందుగా లెక్కవేసి ఉండదు, అయినా రవికముక్క కొలతకూ చీర కొలతకూ ఇలా పొత్తు కుదిరింది. 27 ముక్కలతో మూడు ముఖాలు. అమ్మ చీరల్లో ఆరు నూలువి, మూడు అడుగుకు, మూడు లోపలికి. గోనెసంచిలోని కత్తిరింపుల్లో నూలువన్నీ లోపలి పొరకే పరిచాం. మిగిలిన రెండు ముక్కలను మూలల పూలకు కత్తిరించాం, మూడు బొంతలకు పన్నెండు. సిద్దీ అక్కల దగ్గర అప్పు తెచ్చుకున్న సొగసు అది.

35 పాలిస్టర్ ముక్కల్లో ఒకటి తప్ప అన్నీ సంచులకు పోయాయి. ఆ పనికి అవి మంచివి, తడికి చెడవు, బరువుకు చిరగవు. రెండు ముక్కలకు ఒక సంచి, లోపల లైనింగుతో సహా. కూరగాయల సంతకు అవే తీసుకుపోతున్నాం.

పెద్దమ్మ, నేను, మా చిన్నమ్మ ముగ్గురం కూర్చుంటే ఒక్కో బొంతకు నాలుగు పగళ్లు పట్టింది. పెద్దమ్మకు రోజుకూలీ ఇచ్చాం. మీరు కుట్టించుకున్నా దయచేసి ముక్కకింత, బొంతకింత అని బేరమాడకండి. పగళ్లు లెక్కగట్టి ఇవ్వండి. ఆ చేతులకు ఇప్పుడు వారసులు లేరు. ఆమె కూతుళ్లు ఇద్దరూ పట్నంలో పనికి వెళతారు.

ఇంకొక్క మాట. వచ్చే శ్రావణంలో ముత్తయిదువ చేతిలో పెట్టడానికి ముక్క కొనేటప్పుడు నూలుది కొనండి. నాలుగు రూపాయలు ఎక్కువే అవుతుంది. అది ఎన్ని పెట్టెలు మారినా, చివరికి ఎవరో ఒకరు కప్పుకోవడానికి పనికొస్తుంది.